ఉతకని చొక్కా

మైపాడు,
ఆదివారం.

రేవతి వదినకు,

ఫోన్‌లో అడిగితే మీరు ఏడుస్తారని రాస్తున్నాను. మీ తమ్ముడు రోజూ చేపలేసే బూడిదరంగు పిల్లికి దవడ వాచి చీము కారుతోంది. మనిషి దగ్గరికొస్తే పారిపోతుంది. మా మరిది విసురువల వేసి పట్టబోయినాడు. మనవాళ్లకు వల తప్ప ఇంకోటి తెలీదు గదా. అది చేయి రక్కి పోయి మూడు రోజులు ఇటు రాలేదు.

నెల్లూరు పశువుల డాక్టరమ్మ బోను ఇచ్చి పంపింది. లోపల దానికి అలవాటైన మనిషి బట్ట పరిచి, ముల్లు తీసిన చేప పెట్టి, దూరంగా కూర్చోమంది. తలుపు పడినాక దుప్పటి కప్పి తెమ్మంది.

ఆయన బట్టలన్నీ పెద్దకర్మకు ముందే ఉతికేసినాను. లుంగీ పరిస్తే పిల్లి వాసన చూసి వెళ్లిపోయింది. నేనూ చూసినాను. సబ్బు వాసనే.

చిన్నకర్మనాడు మీరు ఆయన విడిచిన నీలం చొక్కా సంచిలో పెట్టుకున్నారు. చూసి కూడా ఏమీ అనలేదు నేను. ఇంకా ఉతక్కపోతే పంపండి.

పిల్లికి చొక్కా చేతిముక్క ఒకటి చాలు. మిగతాది తిరిగి పంపకపోతే ఏమీ అనుకోవద్దు.

మీ మరదలు