డిస్కు కనబడ్తలేదని మొత్తుకునే తమ్మునికి

నాగేందర్,

అమ్మ, నేను వనపర్తికి పెద్దమ్మ ఇంటికి పోతున్నం. అన్నం, పప్పు వండిపెట్టిన. నాయినకు నువ్వే వడ్డించు.

నిన్నట్నుంచి "అక్కా, నీ లాప్‌టాప్‌ల లినక్స్ ఎక్కుతలేదు, హార్డ్ డిస్కే లేదంటుంది" అని ఒకటే మొత్తుకుంటున్నవు. చెప్త ఇను. ఆన్ చెయ్యంగనే ఎఫ్2 ఒత్తు. సెట్టింగుల నీలం తెర వస్తది. దాంట్ల సాటా అని ఉన్న కాడ ఏహెచ్‌సీఐ తీసి ఐడీఈ పెట్టు, ఎఫ్10 కొట్టు. కొన్ని పాత లినక్స్ సీడీలు గట్ల మారిస్తెనే డిస్కును గుర్తుపడ్తయి. చానామందికి గింతతోనే అయిపోతది.

నీకు మాత్రం కాదు.

పోయిన నెల గిదే లినక్స్ ఎక్కించుకుంట, అది అడిగినదానికల్లా చదవకుండ 'అవును' కొట్టినవు. నా చీర అంచుల డిజైన్లన్నీ తుడుచుకపోయినయి. కోటకొమ్మ అంచు, హంసల అంచు, గడి గడి నింపి నేను గీసినయి. నేను ఏడుస్తుంటే "మళ్ల గీస్కో అక్కా, గీతలే గదా" అని నవ్వినవు.

ఇప్పుడు లాప్‌టాప్ బోర్లేసి మూత ఇప్పి చూడు. లోపల డిస్కు ఉండదు. నిన్న నేనే తీసిన. నా సంచిలుంది.

మగ్గం మీద గ్రాఫ్ కాయితాలు, పెన్సిలు పెట్టిన. కోటకొమ్మ అంచు మొత్తం నువ్వే గీయి. అది మగ్గం ఎక్కుతదని నాయిన ఒప్పుకుంటెనే డిస్కు నీ చేతికొస్తది. గీతలే గదా.

అక్క

తప్పు పోకుండ గీయి. రబ్బరు గూడ నా సంచిలనే ఉంది.