ముఖం గీయని అట్టబొమ్మ

అమ్మా, నేను కులాసా. అట్టబొమ్మ గొడవ తీరింది, ఇక బెంగపెట్టుకోకు.

మా కాలేజీ పత్రిక అట్ట మీద అమ్మాయికి ఏ ముఖం పెట్టినా నచ్చక, గీయడం చెరపడంతోనే సరిపోయింది. నేను తేల్చుకునేలోపే ప్రెస్సాయన గడువైపోయిందని బొమ్మ పట్టుకెళ్లి, ముఖం లేకుండానే అచ్చేసేశాడు! పిల్లలు నవ్విపోతారని, కిందటేడులాగే కట్టలు మూలపడతాయని హడలిపోయాను. తీరా చూస్తే ఎగబడి తీసుకుని, ఎవరి ముఖం వాళ్లు గీసుకుంటున్నారు.

"భలే ఐడియా మేడమ్!" అంది ఒక పిల్ల.

"ఐడియా కాదే, అనుమానం" అన్నాను. నమ్మితేనా!

నీ మోకాలి నొప్పి తగ్గిందా? అక్క వస్తే నా కుంచెలు ఇచ్చి పంపు. నీకూ ఒక పత్రిక పంపుతున్నాను. ముఖం ముందు నువ్వే గీయి, నాన్న చేతికిస్తే మీసాలు పెట్టేస్తారు.

ఇద్దరికీ నమస్కారాలతో,
నీ చిన్నమ్మాయి