ఒక్కసారి మోగి ఆగిన ఫోను

సెబూ, మధ్యాహ్నం

నెనీతా అక్కకి,

సంఘం ఆఫీసులో ఫోన్లకి జవాబిచ్చే మిషను పెట్టిననాడు, "మిషనుకి నోరే గానీ బుద్ధుండదు తమ్ముడూ" అన్నావు. ఆ మిషను కరపత్రాలు చదివిన పొగరుతో నవ్వాను.

ఇళ్లలో పనిచేసేవాళ్లు ఒక్కసారి మోగించి పెట్టేస్తే ఆపదని మన సంఘంలో గుర్తు. తిరిగి ఫోను చెయ్యం, మనిషినే పంపుతాం. అది మరిచి, మనం ఎత్తలేకపోయిన ప్రతి ఫోనుకీ తనే తిరిగి చేసేలా మిషన్ని అమర్చాను.

పొద్దున, నువ్వు చేపలమ్మే ఆ పెద్దింట్లో పనిచేసే డెల్ఫీనా మోగించి పెట్టేసింది. మిషను తిరిగి చేసి నా గొంతుతో, "ఇది ఇంటిపనివారి సంఘం. యజమాని కొడుతుంటే ఒకటి నొక్కండి" అంది. ఎవరో చివరిదాకా విన్నారు, ఏదీ నొక్కలేదు. రికార్డులో మగవాడి దగ్గుంది.

ఆ ఇంటి గేటు విరగ్గొట్టాలనుంది. కానీ నా కోపం ఆమె వీపు మీదే పడుతుంది.

నువ్వు రోజూ ఆ వంటింటి గుమ్మంలో చేపలమ్ముతావు. ఈ చీటీ కుర్రాడితో పంపుతున్నాను, అందగానే వెళ్లు. ఎవరొచ్చి బేరమాడినా తెగనివ్వకు, డెల్ఫీనా కనపడేదాకా.

నీ తమ్ముడు