ఆవు లేని నత్రజని

మదనపల్లె,
12 ఆగస్టు 1998.

కళాశాల పరిపాలనాధికారి గారికి,

ఏ విన్నపమైనా సక్రమ మార్గంలో, తగిన వినయంతో సాగాలన్న తమ ఉత్తర్వును శిరసావహిస్తూ ఈ లేఖ సమర్పిస్తున్నాను.

మా పరిశోధక విద్యార్థిని బీనా నాలుగేళ్లు శ్రమించి చేసిన అతివాహక (సూపర్ కండక్టర్) బిళ్ళ ద్రవ నత్రజని చలిలోనే పనిచేస్తుంది. నిన్న దానిని పరీక్షించడానికి బెంగళూరు నుంచి పరీక్షాధికారి వచ్చారు. మన దగ్గర ద్రవ నత్రజని లేదు కనుక, పుంగనూరు పశువైద్యుడొకరు దయతలచి, ఆబోతు వీర్యం నిలవ ఉంచే డబ్బాలో కొంత పంపారు. తమ గుమాస్తా మునెప్ప దానిని గేటు దగ్గరే ఆపాడు.

"ఆవుల డబ్బా ఈడికి యాల తెస్తాండావమ్మా? మన కాలేజీలో ఆవు యాడుండాది?"

"ఇది చలి కోసమప్పా, మూత తీయొద్దు!" అని బీనా మొత్తుకుంది.

తమరు స్వయంగా విచ్చేసి, ఆవు ఏదని విచారించి, లీటర్ల లెక్క తేలాలని దానిని బకెట్లో పోయించారు. ఆవు సంగతి తేలేలోపే బకెట్ పొగలు కక్కి ఖాళీ అయింది. పరీక్షాధికారి బస్సెక్కారు. బీనా పీహెచ్‌డీ ఏడాది వాయిదా పడింది.

తమ జ్ఞానానికి మా శాఖ తలవంచింది. ఇకపై అతివాహకత చదవదలచిన ప్రతి విద్యార్థీ ప్రవేశ సమయంలో ఒక పాడి ఆవును హాజరుపరచాలి. ఈ నియమమే తుది. దీనిపై అప్పీలు లేదు.

ఇట్లు,
భౌతికశాస్త్ర శాఖాధిపతి