కిట్టిలో పలికిన మాట

1862వ సంవత్సరం మార్చి నెల 9వ తేదీ

కోయంబత్తూరు జిల్లా మేజిస్ట్రేటు దొరవారి సముఖమునకు, సదరు జిల్లా నాగమనాయకన్‌పట్టిలో దేవర మందకు మొన్నటిదాకా కాపరిగా ఉండి ఇప్పుడు ఏమీ కాని పెరుమాళ్‌సామి నాయకుడు, వ్రాయసగాడు చెన్నకేశవన్ చేత వ్రాయించుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: పోలీసువారి ఎదుట ఒప్పుకొన్న మాట సాక్ష్యము కాదని చేసిన కొత్త చట్టమును మా కులపు కంబళి మీద చదివించుట గురించి, మరియు హెడ్డు కానిస్టేబులు రత్నసభాపతి వేళ్ళ గురించి.

విషయంలో రెండవ ముక్క వద్దని చెన్నకేశవన్ అన్నాడు. అర్జీ నాది, ఉండవలెనని నేనన్నాను.

1. మా కులంలో దేవర మంద ఒకటి ఉన్నది. ఆ ఎద్దులకు కాడి కట్టము, వాటిని అమ్మము, చస్తే మనిషిని పూడ్చినట్టు పూడ్చుతాము. కాపరి అయినవాడు పెండ్లాడడు, చెప్పులు తొడగడు. పద్దెనిమిదేండ్లుగా ఆ కాపరిని నేను. గడచిన తై మాసంలో, పొంగలి పండుగ నెలలో, మందకు ముందు నడిచే పట్టపుటెద్దు కనబడకుండా పోయినది.

2. రత్నసభాపతి నన్ను ఠాణాకు పట్టుకొనిపోయి, పొల్లాచ్చి సంతలో కసాయికి ఎద్దును అమ్మినట్టు ఒప్పుకొమ్మన్నాడు. నేను ఒప్పుకోలేదు. కిట్టి తెచ్చాడు. దొరవారు చూచి ఉండరు గనుక మనవి చేస్తున్నాను. ఒక కొసన కలిపి కట్టిన రెండు కట్టెలు, నడుమ మనిషి వేళ్ళు, రెండవ కొసన పోలీసువాని చేయి. మొదటి నొక్కుకు పెరుమాళ్ళను పిలిచాను. రెండవ నొక్కుకు చచ్చిపోయిన మా అమ్మను పిలిచాను. మూడవదానికి నేనే అమ్మితినని అన్నాను. కసాయి పేరు నాకు తెలియకపోతే అదీ ఆయనే చెప్పి నాచేత పలికించాడు. అంతసేపూ తమలపాకు నములుతూనే ఉన్నాడు. వాడి చేతులు పడిపోను. ఈ వాక్యం చెన్నకేశవన్ కొట్టివేస్తే మళ్ళీ వ్రాయించాను.

3. తొమ్మిదవనాడు ఎద్దు తనంతట తానే కొండ అడుగునుండి మందకు వచ్చినది. తమ కోర్టులో మునిషీగారు కొత్త చట్టం తెనుగున చదివి, పోలీసువాని ఎదుట ఒప్పుకొన్న మాట ఇకమీదట సాక్ష్యం కాదని, పాత చట్టాలను దిద్ది ఈ ముక్క చేర్చినారని చెప్పి నన్ను వదిలినారు. ఆ ముక్క మూడుసార్లు చదివించుకొన్నాను. దొరవారు నవ్వినారు. నా నోరు నాదేనని ఒక సర్కారు కాగితం మీద పెట్టడం మా తాతముత్తాతలు కూడా విన్నది కాదు. అందుకని మూడుసార్లు.

4. మా పంచాయతీ నల్ల కంబళి పరచి, నడుమ చెంబు పెట్టి కూర్చుంటుంది. ఊరికి వస్తే ఆ కంబళి మీద కాలు పెట్టరాదని నన్ను ఆపినారు. మా పెద్ద చిన్నసామి నాయకుడు అన్న మాటలు ఉన్నవున్నట్టు వ్రాయిస్తున్నాను.

"ఎద్దు వచ్చె, సరి. అయినా మాట ఏడికి పోయె? దొర చట్టం దొర కచ్చేరికి. మనకు పత్రం లేదు, నోరే పత్రం. అమ్మితినని అనింది నీ నోరే గదరా?"

"నొక్కినారు, మామా," అన్నాను.

"నొక్కితే? దేవరెద్దు కంటె నీ వేలు పెద్దదా?"

మాలో నోట పలికినది వెనుకకు తీసుకొన్నవాడు లేడు. ఇతరులను అదే మాట చెప్పి కంబళి మీదినుండి దించినప్పుడు నేనూ తల ఊపినవాణ్ణే. ఇప్పుడు మందను వేరొకడు తోలుతున్నాడు. నా గొంతు వింటే పట్టపుటెద్దు ఆగిపోతుంది. ఆగినందుకు వాడు దాన్ని కొడతాడు.

5. కనుక రత్నసభాపతిని ఒక్క గడియ నాకు అప్పగించవలసినదిగా తమ కచ్చేరి గుమాస్తాను అడిగాను. ఆ చట్టం అతని వేళ్ళను కూడా కాస్తుందని గుమాస్తా సెలవిచ్చాడు. ఇదేమి చట్టమయ్యా. నా వేళ్ళను కాయలేని కంచె వాడి వేళ్ళను కాయవలెనా? అది విని మూడు రోజులు అన్నం ముట్టలేదు. ఆ కంచెలో ఒక చిన్న సందు, ఒక్క మనిషికి, ఒక్క గడియకు తెరిపించుమని నా మనవి.

6. విడుదలనాడు కోర్టువారు నా సామానని చెప్పి కర్ర, తలగుడ్డ, వాటితోబాటు ఠాణానుండి వచ్చిన ఆ కిట్టిని కూడా నాకే ఇచ్చి గీటు పెట్టించుకొన్నారు. పొరపాటని నేను చెప్పలేదు. మా ఇంటి దూలానికి వేలాడుతున్నది. ఒకనాటికి పనికి వస్తుంది.

కావున రత్నసభాపతిని శిక్షించి, మునిషీగారిని పంపి ఆ చట్టం మా కంబళి మీద అందరూ వినేట్టు చదివించి, నా మందను నాకు ఇప్పించవలెను. పద్దెనిమిదేండ్లు చెప్పులు లేకుండా నడిచినవాని మొరగా దీనిని దొరవారు చిత్తగించవలెను.

తమ విధేయుడు,
పెరుమాళ్‌సామి నాయకుడు
కుడిచేతి వేళ్ళు వంగవు గనుక ఎడమచేత పెట్టిన గీటు.

మళ్ళీ మనవి:

సిరా ఆరకముందే చిన్నసామి మామ మా ఇంటికి వచ్చాడు. దొరకు వ్రాయవద్దని చెప్పడానికి వచ్చాడు. వచ్చినవాడు దూలానికి ఉన్న కిట్టిని చూచాడు.

"ఈ పుల్లలకా భయపడితివి?" అని నవ్వి, తానే దించి, తన వేళ్ళు తానే పెట్టి, "నొక్కరా, చూద్దాం" అన్నాడు.

ఎడమచేత నొక్కాను.

"విడువురా, విడువు. నేనే అమ్మితిని. ఎద్దును నేనే అమ్మితిని."

ఎవరూ ఆయనను ఏమీ అడగలేదు. అప్పుడే విడువవలసినది. విడువక ఇంకొకసారి నొక్కాను. మా అక్క రామక్కాళ్ వచ్చి, "చాలురా పెరుమాళ్ళూ, చాలు, ముసలాయన" అని నా చెయ్యి లాగేదాకా నొక్కినాను. ఆ సమయాన నేనూ తమలపాకు నములుతున్నాను.

మామ వేళ్ళు పొట్టకు అదుముకొన్నాడు. "రేపటి నుంచి మంద వెంబడి నీవే నడువు" అని, నా మొహం చూడకుండా లేచి పోయాడు. కంబళి మీద చట్టం చదివించుట ఇక అక్కరలేదు.

మొదటి నొక్కు ఆయన అడిగినది. రెండవది నాది. రత్నసభాపతికి ఏ శిక్ష వేస్తారో నాకూ అదే వేయండి, కాని వాడికి ముందు వేయండి, నేను చూడవలెను. కిట్టిని ఈ అర్జీతోబాటు పంపుతున్నాను, ఇంట్లో ఉంటే నా చెయ్యి ఊరుకోదు. ఈ మాట పోలీసువాని ఎదుట చెప్పినది కాదు, చెప్పేటప్పుడు ఎవరూ నా వేళ్ళు పట్టుకోలేదు. కనుక ఇది చెల్లుతుంది.