ఒక్క గీతకి తగ్గించని మర

ఈ వీధిలో అందరూ చెయిన్ల మేస్త్రి అని పిలిచే మోటార్ సైకిల్ మెకానిక్‌ని, అరవై తొమ్మిదేళ్ళవాడిని. నేను రాసి ఉంచుతున్న ఆఖరి వీలునామా ఇది. నా ఊపిరితిత్తులు చెడిపోయాయి, బుర్ర చెడలేదు. డాక్టరు రెండు సంగతులూ రాసిచ్చాడు, ఆ కాగితం దీనికి జతచేశాను. ఎవరి బలవంతమూ లేదు. బలవంతపెడితే వినే మనిషిని కానని అందరికీ తెలుసు. లోగడ రాసిన వీలునామా ఇందుమూలంగా రద్దు. అందులో నా తమ్ముడి ఊసే లేదు.

1. దీన్ని అమలు జరిపే బాధ్యత పక్క షెడ్డులోని లేత్ మేస్త్రికి అప్పగిస్తున్నాను. కొలత తప్పని మనిషి.

2. నేనుంటున్న రెండు గదులూ, వాటిలోని సామానూ సర్వహక్కులతో నా ఒక్కగానొక్క కూతురికి చెందాలి. వాళ్ళమ్మ కుట్టుమిషన్‌కి ప్రతి ఆదివారం నేనే నూనె వేస్తూ వచ్చాను. ఆమె పోయి పదహారేళ్ళయినా అది చప్పుడు లేకుండా తిరుగుతుంది. దాన్ని మాత్రం అమ్మేయకు తల్లీ.

3. విడిభాగాల కొట్టు యజమానికి ఒక గోనెసంచి నిండా అరిగిపోయిన చెయిన్లు. అన్నీ అతను "గట్టి సరుకు మేస్త్రీ, నన్ను నమ్ము" అంటూ అంటగట్టినవే. మోయించుకునే కూలి కూడా అతనే పెట్టుకోవాలి.

4. షెడ్డు, పానాలు, గాలి మిషన్, బయటి బోర్డు నా తమ్ముడికి. పన్నెండేళ్ళుగా వాడు ఒక ఆసుపత్రి పార్కింగులో టోకెన్లు చింపి ఇస్తున్నాడు. వాడి చేతులు నా చేతులకంటే మంచివి. ఈ మాట వాడి ముందు ఒక్కసారీ అనలేదు.

5. చెయిన్‌కి తనంతట తానే నూనె చుక్కలు వేసే డబ్బా బిగించాలా వద్దా అన్న తగవు ఈ షెడ్డులో మా అన్నదమ్ముల మధ్య మూడేళ్ళు నడిచింది. బిగించాలని వాడు, దండగని నేను. నా తీర్పు ఇప్పుడు రాస్తున్నాను. వారానికోసారి బజారుకు వెళ్ళొచ్చేవాడికి బ్రష్షూ నూనె డబ్బా చాలు. వానలో, దుమ్ములో రోజంతా బండి మీదే బతికేవాడికి అది తప్పకుండా బిగించాలి. చెయిన్ రెట్టింపు కాలం వస్తుంది. తమ్ముడు చెప్పిందే నిజం. ఆ డబ్బా ఎవర్నీ చంపలేదు.

6. చంపింది నేను. నా అల్లుడు ఉత్తరాలూ పార్సిళ్ళూ చేరవేసేవాడు. వాడి బండికి తమ్ముడే డబ్బా బిగించాడు. కొత్తగా బిగించినప్పుడు గొట్టంలోకి నూనె దిగేదాకా చుక్కలు ఎన్ని పడాలో గీతల లెక్కన తిప్పే మరని పూర్తిగా తెరిచి, తర్వాత తగ్గించాలి. తమ్ముడు మర తెరిచి, "అన్నా, నూనె దిగాక ఒక్క గీతకి తగ్గించు, నేనిప్పుడే వస్తా" అని కొట్టుకు వెళ్ళాడు. నేను విన్నాను. తగ్గించలేదు. నూనె కారి అల్లుడి ప్యాంటు పాడైతే తమ్ముడి పొగరు దిగుతుందనుకుని, వాడు తిరిగి వచ్చేలోపే బండి అప్పగించేశాను. నూనె వెనక టైరు మీదికి చిమ్మింది. రెండో మలుపులో బండి జారింది, వెనక లారీ ఉంది.

అమ్మాయి అందరి ముందూ "మర తగ్గించకుండా వదిలేసింది బాబాయేనా నాన్నా?" అని అడిగింది. నేను తలూపాను. ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఆ డబ్బాను కూడా తిట్టాను. ఆ రోజు నుంచి అమ్మాయి బాబాయి గుమ్మం తొక్కలేదు.

ఏడాది తర్వాత తమ్ముడు వచ్చి, నిలబడే, "అన్నా, ఎంత ఆలోచించినా తేలట్లేదు. తగ్గించమని నీకు చెప్పానా, మర్చిపోయానా?" అన్నాడు. "మర్చిపోయావురా" అన్నాను. నమ్మి వెళ్ళిపోయాడు. నా పాపాల్లో ఇదే పెద్దది.

7. నా కూతురు నన్ను క్షమించాలని ఈ కాగితంలో అడగడం లేదు. బాబాయి ఇంటికి ఒకసారి వెళ్ళమని మాత్రం అడుగుతున్నాను.

8. ఇదంతా చదివి లేత్ మేస్త్రి కాగితం మడిచి నా చేతికిచ్చాడు. తర్వాత "నువ్వు పోయాక ఇది చదివితే, ఎందుకు చేశావని వాళ్ళు ఎవర్ని అడగాలి?" అన్నాడు. అందుకని రేపు పొద్దున్న తొమ్మిదింటికి అమ్మాయినీ తమ్ముడినీ ఇద్దర్నీ షెడ్డుకి రమ్మని కబురు పెట్టాను. నేనే చదువుతాను. భయంగా ఉంది. గదులు వద్దన్నా, నా శవాన్ని ముట్టనన్నా, అమ్మాయి మార్చమన్న అంశం ఏదైనా మారుస్తాను, ఆరోది తప్ప.

తేదీ: మార్చి పదకొండు, మంగళవారం, సాయంత్రం.

(సంతకం) చెయిన్ల మేస్త్రి

సాక్షులు:
1. టీ కొట్టు అక్క (చదివించుకుని, విని, వేలిముద్ర వేసింది)
2. టైర్ల పంక్చర్లు వేసే పెద్దాయన (సంతకం పెట్టి, కలాన్ని నా చేతికివ్వకుండా బల్ల మీద పడేసి వెళ్ళిపోయాడు)