దిబ్బాలో ట్యూబ్ మాఫీ

2024 ఫిబ్రవరి 6, మంగళవారం
పొద్దున మబ్బు, చలిగాలి. రెండు సైకిళ్ళ చైన్లకీ నూనె వేశాను. ఫుజైరా నుంచి ఖోర్‌ఫక్కాన్ — ఇరవై ఆరు కిలోమీటర్లు. మా ఆవిడ సువార్త ముందు, నేను వెనక. కోనసీమలో నర్సుగా పదేళ్ళు కాలవ గట్ల మీద తొక్కిన మనిషి. నేను నేర్చుకున్నది నలభై రెండో ఏట, అజ్మాన్‌లో, మా గోదాము వెనక, ఎవరూ చూడకుండా.
ఇక్కడి నర్సు లైసెన్సుకి ఆమె రాసిన పరీక్ష ఫలితం ఇంకా రాలేదు. పాసైతే అజ్మాన్‌లోనే ఆసుపత్రి ఉద్యోగం, ఎనిమిదేళ్ళ తర్వాత ఇద్దరం ఒక ఇంట్లో. లేకపోతే విజిట్ వీసా అయిపోతుంది. పద్దెనిమిదిన ఫ్లైట్.

ఫిబ్రవరి 7, బుధవారం
ఎండ, ఎదురుగాలి. దిబ్బాకి ముప్ఫై ఎనిమిది. చివరి కిలోమీటరు నడకే... నా వెనక చక్రం పంక్చర్. ట్యూబ్‌కి ఇంకో అతుకు వెయ్యడానికి చోటు లేదు.
ఫలితం రాలేదు.

ఫిబ్రవరి 8, గురువారం
ఆకాశం తేటగా ఉంది. విశ్రాంతి. ఇద్దరి బట్టలూ ఉతికి లాడ్జి మేడ మీద ఆరేశాను. రేపు మసాఫీ కొండదారి.
ఊరు చూడ్డానికి బయల్దేరాం. చక్రం నా భుజాన.
"దిబ్బ అంటే ఎత్తు మీద ఉంటుందనుకున్నా. ఇదేంటి, బల్లపరుపు!"
ఊరి వెనక కొండలు చూపించాను. ఒక్క చెట్టు లేదు. కాసేపు చూసింది. "మాకు ఎత్తంటే లాకుల దగ్గర వంతెనే."
ఈ వీధి షార్జా ఎమిరేట్‌ది, మలుపు తిరిగితే ఫుజైరాది, ఆ గేటు అవతల ఒమాన్ దేశం అని చెప్పాను.
"మరి ఇందాక అటూ ఇటూ తిరిగిన మేక ఎవరిది?"
చేపల మార్కెట్లో వంజరం మొప్పలెత్తి చూసింది. వండే చోటు లేదంటే వినదు. అరబ్బు ముసలాయన "జైన్?" అన్నాడు, బాగుందా అని. ఈమె కూడా "జైన్" అంది, అదేదో రోజూ మాట్లాడే భాషలా.
సైకిల్ షాపులో బంగ్లాదేశ్ పెద్దాయన. చక్రం చూసి చేతులు తిప్పాడు — "ట్యూబ్ మాఫీ."
నేను నోరు తెరిచేలోగా సువార్త చేతులు జోడించేసింది. "షుక్రియా భాయ్!" నా వైపు తిరిగి, "పాపం, ఊరికే ఇస్తానంటున్నాడు. డబ్బులిచ్చెయ్యండి, బాగోదు."
నవ్వాను. నిలబడలేక బెంచీ మీద కూర్చుని మరీ నవ్వాను. ఇక్కడి అరబ్బీలో మాఫీ అంటే 'లేదు' అని చెప్పాను.
"మనకి వదిలెయ్యడం, వీళ్ళకి అసలు లేకపోవడమా!"
సంగతేమిటని హిందీలో అడిగి పెద్దాయన కూడా నవ్వాడు. లోపలికెళ్ళి, ఏదో పాత సైకిల్‌ది ట్యూబ్ ఊడదీసుకొచ్చాడు. డబ్బులివ్వబోతే — "భాభీకి మాఫీ."
"చూశారా!" అంది. గెలిచిన మొహం.
ఇక రోజంతా అదే. కోట దగ్గర నీడ మాఫీ. చాయ్‌లో పంచదార మాఫీ.
సముద్రం ఒడ్డున కూర్చుని ఫోన్ చూసుకుంది. "మాఫీ." ఈసారి నవ్వలేదు.
ఫోన్ సంచిలో పెట్టేసి, "రాకపోతే నన్ను ఫ్లైట్ ఎక్కించేసి, మళ్ళీ ఒక్కరే తొక్కుకుంటారా?"
"నీ సీటు కొంచెం దించాలి," అన్నాను.
"మీకు మాటలు మాఫీ."
ఉండిపో — అనాల్సింది ఆ ఒక్కమాటే. రాయడానికైతే ఇంత తేలిక.

నాలుగైంది. ఎండ తగ్గింది. ట్యూబ్ ఎక్కించి గాలి కొట్టాను. ఆమె సీటు వేలెడు దించాను. నీళ్ళు నాలుగు సీసాలు, ఖర్జూరం సంచిలో పెట్టాను. ఆరిన బట్టలు తేవడానికి ఆమె మేడ మీదికి వెళ్ళింది. ఇక చైన్లకి నూనె...
పైనుంచి పిలుస్తోంది. "ఏవండీ! మాఫీ కాదు! ఫలితం వచ్చింది... నాకు తెరవడానికి చెయ్యి రావట్లేదు, మీరు రండి—"
చైన్లకి నూనె తర్వాత.